సిపాయి నీటిబుడ్డి

కాంటీను అను మాట వినగానే మన యిండ్లలోని వారికి కార్యాలయపు కాఫీయో, వేడి పకోడీలో స్ఫురించును. సైనికోద్యోగియైన బంధు వున్న యింట, మిలిటరీ కాంటీనులో చౌకగా దొరకు సబ్బులును తోలుపెట్టెలును స్ఫురించును. ఈ మాటకు మూడవ యర్థ మొకటి కలదు. ఇటలీ భాషలో నేలమాళిగను, ముఖ్యముగా ద్రాక్షసారాయమును నిలువచేయు కొట్టును, 'కంతీనా' యందురు. ఆ మాట ఫ్రెంచివారి మీదుగా ఆంగ్లేయుల కడకు చేరునప్పటికి, సిపాయిలకు సరుకు లమ్ము దుకాణమునకును, సిపాయి భుజమున వ్రేలాడు నీటిపాత్రకును గూడ పేరైనది. అమెరికావారు నేటికిని నీటిపాత్రను ఆ పేరుతోనే పిలుతురు. ఇంగ్లీషు సైన్యమువారు 'వాటర్ బాటిల్' అందురు. మేము ఈ ప్రసంగమున నీటిబుడ్డి యనియే వ్యవహరింతుము. పకోడీల కొఱకు వచ్చిన శ్రోతలు మన్నింతురు గాక.

లోకమున పాతవస్తువులు సేకరించువారు కొందరు తపాలా బిళ్ళల కొఱకును, కొందరు నాణెముల కొఱకును తిరుగుదురు. సిపాయిల నీటిబుడ్ల కొఱకు, అందులోను చేతితో రంగులు వేసిన బుడ్ల కొఱకు, తిరుగువారును కలరు. వినుటకు ఇది వింతగా నుండవచ్చును. తుపాకియో కత్తియో అయినచో అర్థమగును గాని, నీళ్ళు త్రాగు రేకుడబ్బాలో ఏమున్నది? ఉన్నది. తుపాకి సర్కారుది; లెక్కపెట్టి ఇత్తురు, లెక్కపెట్టి తీసికొందురు. చొక్కా చిరిగిపోవును. బూట్లు అరిగిపోవును. బుడ్డియు లెక్కలోనిదే యైనను, సొట్టలుపడి యెందుకును పనికిరానిదని కొట్టివేయబడినప్పుడో, యుద్ధానంతరము మిగులు సామగ్రిని వేలము వేసినప్పుడో, అది సామాన్యుల యిండ్లకు చేరును. వేలకొలది మనుష్యులకు ఒకే మూసలో పోసినట్లు ఇచ్చిన యా వస్తువుమీద ఒకడు తన పేరు, తన ఊరు, తాను చూచిన చోట్లు, చేరిన యేడు, విడిచిన యేడు రంగుతో వ్రాసికొన్నాడనుకొనుడు. అప్పటినుండి అది సర్కారు వస్తువు కాదు, వాని చేవ్రాలు.

ఈ కోరిక మనకు క్రొత్తది కాదు. పెండ్లికి ఇచ్చిన బిందెమీద, చెంబుమీద, చిన్న చిన్న చుక్కలుగా పేరు కొట్టించుట తెలుగింటి ఆచారము. ఫలానా వారు ఫలానా వారికి ఇచ్చినది, ఫలానా తేది. ఇత్తడి పోయి స్టీలు వచ్చినను ఆ ఆచారము పోలేదు. అమ్మమ్మ పుట్టినింటి పేరును కాగితములలో వెదకి విసిగినవారు వంటింటి గంగాళము అంచున దానిని చదువుకొన్న సందర్భములు కలవు. సిపాయి బుడ్డిమీది రంగు ఆ చుక్కలకు దాయాది.

బుడ్డి యొక్క పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పవలసియున్నది. నెపోలియనుతో యుద్ధము చేసిన ఇంగ్లీషు సిపాయి మోసినది కొయ్యబుడ్డి. చిన్న పీపావలె గుండ్రముగా నుండెడిది. నీలిరంగు పూసి, దానిమీద దళముయొక్క గుర్తు వ్రాయుచుండిరి. అనగా బుడ్డికి రంగు వేయుట మొదట అధికారుల పనియే. కొయ్య నానకుండుటకు రంగు, వస్తువు మారిపోకుండుటకు గుర్తు. మొదటి ప్రపంచయుద్ధము నాటికి ఇనుపరేకుమీద నీలపు ఎనామెలు పోసిన బుడ్లు వచ్చినవి. రెండు పైంట్లు, అనగా లీటరుకు కొంచెము మించి పట్టును. పైన ఖాకీ ఉన్నిగుడ్డ తొడుగు, మూతికి బెండు బిరడా, బిరడా పోకుండ ఒక త్రాడు. ఆ ఉన్నితొడుగు అలంకారమునకు కాదు. దానిని తడిపినచో తడి ఆరుచున్నంతసేపు లోపలి నీరు చల్లబడును. మన కుండ చేయు పని యదే. కాన్వాసుతో కుట్టిన ఛాగల్ అను సంచి లారీల ముందు వ్రేలాడుచు చేసినదియు అదే పని.

మన పశులకాపరికి ఈ విద్య యెవరును నేర్పనక్కరలేదు. తీగమీదనే ముదిరిన సొరకాయను ఎండబెట్టి, మెడ కోసి, గింజలు తీసి, నీరుపోసి కంపు పోవువరకు కడిగి, త్రాటివల అల్లి భుజమునకు తగిలించుకొనును. పైసా ఖర్చు లేదు, తేలిక, నీరు చల్లగా నుండును. ఈ సొరబుర్రను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. మరల దీనితో పని యున్నది.

ఇక రంగుల సంగతి. అమెరికాలో పందొమ్మిదవ శతాబ్ది తొలిపాదమున ఊరి దళములవారు కొయ్యబుడ్లపై గ్రద్దను, దళముపేరును చిత్రించుకొనిరి. 1861 నుండి 1865 వరకు జరిగిన అంతర్యుద్ధము ముగిసి, 1866లో గెలిచిన పక్షపు పాతసిపాయిలు 'గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్' అను సంఘము నేర్పరచుకొన్నప్పుడు, తాము మోసిన తగరపుపూత బుడ్లను దీసి వానిపై సంఘముద్రలు, యుద్ధముల పేర్లు, పూలతీగలు వేసికొనిరి, వేయించుకొనిరి. 'ఒక బుడ్డి నీరు త్రాగినవారము' అనుట వారిలో చెలిమికి మారుపేరైనది. ఈ మాట మన దేశమున అంత సులభముగా చెల్లదు. రైలుస్టేషన్లలో హిందూపానీ, ముసల్మాన్ పానీ యని వేర్వేరు కుండలు పెట్టిన కాలమది. మాదిగవాని చేతినీరు ముట్టని ఊళ్ళున్న దేశమిది. ఇచ్చట బుడ్డిమీద పేరు వ్రాసికొనుటలో ముచ్చట ఒక్కటే కాదు, ఇతరులు నోరు పెట్టకుండుట యను తలంపును ఉండియుండునని మా యూహ.

జర్మనీ వారిది వేరొక మార్గము. అక్కడ నాడు యువకులు నిర్బంధముగా సైన్యమున పనిచేయవలసి యుండెడిది. గడువు తీరి యింటికి పోవునాడు, పేరును, దళమును, సంవత్సరములును గల బీరుపాత్రయో, బుడ్డి ఆకారపు సారాసీసాయో కొనుక్కొని పోవుట 1890 ప్రాంతమునుండి 1914 వరకు పెద్ద వ్యాపారమే. బొమ్మకు గీతలు అచ్చు. రంగులును పేరును చేతిపని. కొన్ని పాత్రలమీద తోడి సిపాయిల పేర్లన్నియు వరుసగా నుండును. జపానులో ఇది మరింత ముచ్చట. ఊరివారు కానుక లిచ్చి పంపిన కుఱ్ఱవాడు తిరిగివచ్చి, జెండాయు, నక్షత్రమును, చెర్రీపూవును చిత్రించి తన పేరు వ్రాయించిన చిన్న సారాగిన్నెలను ఊరంతకు పంచెడివాడు. వాయనమునకు తిరుగువాయన మన్నమాట.

మన దేశమున ఇట్టి అంగళ్ళు పుట్టలేదు. కారణము తెలిసినదే. ఇక్కడి ప్రజలకు నిర్బంధ సైన్యసేవ లేదు. ఒకేనాడు వేలమంది గడువు తీరి బజారున పడుట లేదు. కావున అచ్చుబొమ్మల వ్యాపారి లేడు. రెండవ ప్రపంచయుద్ధమున ఇరువదియైదు లక్షలమంది భారతీయులు సైన్యమున నున్నను, వారిలో ఎవడైన బుడ్డిమీద పేరు వ్రాసికొన్నచో అది వాని సొంతచేతిదో, దళములోని బోర్డులు వ్రాయు పెయింటరుదో అయియుండును. అందుచేతనే మన బుడ్లు అరుదు. సేకరించువాడు దీనిని లోపమనుకొనును. చరిత్ర వ్రాయువాడు దీనినే లాభమనుకొనును. ఎందుకనగా అచ్చుబొమ్మ అందరిమాట, చేతివ్రాత ఒక్కనిమాట.

తెలుగుదేశపు పేరే ఒకప్పుడు సిపాయికి పేరైనది. కుంపిణీవారి తొలిదళములలో మనవారు ఎక్కువగా నుండుటచేత, ఉత్తరదేశమున సిపాయిని 'తిలంగా' యని పిలిచెడివారు. ఇక హైదరాబాదు రాజ్యపు సిపాయిలు పోయిన దూరము తక్కువది కాదు. మొదటి యుద్ధమున హైదరాబాదు లాన్సర్లు, జోధపురము, మైసూరు లాన్సర్లతో కలిసి పాలస్తీనాలో నుండిరి. నైలునది నీటిని గొట్టములద్వారా సీనాయి యెడారి దాటించి సైన్యమునకు తెచ్చిన యుద్ధమది. అక్కడ బుడ్డి విలువ యేమో చెప్పనక్కరలేదు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణమును పట్టిన బ్రిగేడులో ఈ దళములు మూడును కలవు. 1922లో ఢిల్లీలో నిలిపిన మూడు కంచువిగ్రహములు ఈ మూడు సంస్థానముల గుర్తులు. తీన్‌మూర్తి యనగా అవియే. రెండవ యుద్ధమున, 1941 డిసెంబరులో, మలయాలోని కోట భారు విమానస్థలమున కావలియున్నదియు హైదరాబాదు పదాతిదళ మొకటి.

ఈ రాజ్యపు సైన్యమును భారతసైన్యమును ఎదురుబదురైన దారి మన సూర్యాపేట దారి. 1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున భారతసైన్యము నాలుగుదిక్కుల నుండి బయలుదేరినది. తూర్పుదళము జనరల్ ఎ. ఎ. రుద్ర నాయకత్వమున విజయవాడనుండి హైదరాబాదు బాట పట్టినది. సరిహద్దున హంబరు, స్టాగ్‌హౌండు సాయుధశకటములుగల నిజాము లాన్సరు దళములు ఎదిరించినను, ఉదయము ఎనిమిదిన్నరకు కోదాడ చేరినది; మధ్యాహ్నమునకు మునగాల. ఈ మునగాల సంగతి యొకటి చెప్పక దాటలేము. నలువైపుల నిజాము నేల, నడుమ మునగాల పరగణా మాత్రము కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలోనిది. అనగా ఆ సైన్యము నిజాము రాజ్యమును జొచ్చి, అందులోనుండి మరల తన రాజ్యములోనికే వచ్చినది! ఈ పరగణాను నల్లగొండ జిల్లాలో కలిపినది 1959లో.

15న విమానములు సూర్యాపేట రక్షణలను చెదరగొట్టినవి. అయినను కొందరు రజాకార్లు నిలిచి పోరాడిరి. ఊరిని పట్టినది ఐదవ గూర్ఖాల రెండవ పటాలము. వెనుకకు తగ్గిన నిజాము సైనికులు పడమటనున్న మూసీ వంతెనను కూల్చిరి గాని, దానికి కాల్పుల కాపుదల నుంచలేదు. అందుచేత అది త్వరలోనే బాగుచేయబడినది. తరువాత నార్కట్‌పల్లి. 17న నిజాము లొంగుబాటు. 18న జనరల్ ఎల్ ఎద్రూస్ జనరల్ చౌదరికి తన సైన్యము నప్పగించెను.

ఇప్పుడు బుడ్డి మాట. ఆ రెండు సైన్యములును ఇంగ్లీషువారి నమూనా సామగ్రినే వాడినవి. కోదాడ బాటప్రక్కన నాడు పడిపోయిన బుడ్డి నొకదానిని ఎత్తి చూచినచో, అది తరుముచున్నవానిదో, తగ్గుచున్నవానిదో ఆకారమునుబట్టి చెప్పుట యసాధ్యము. అదే నీలపు ఎనామెలు, అదే బెండు, అదే ఉన్ని. గూర్ఖాది కావచ్చును, నల్లగొండ పల్లెనుండి నిజాము కొలువుకు పోయినవానిది కావచ్చును. పక్షము తెలుపునది రంగుతో వ్రాసిన పేరొక్కటే. ఆ పేరు పోయినచో అది ఉత్త రేకు.

పేరు పోవుటకు తుప్పొక్కటే కారణము కాదు. ఓడిన పక్షపు గుర్తు నింట నుంచుకొనుటకు ఎవరికైనను జంకు కలుగును. సైనికచర్య తరువాత సంస్థానమున, ముఖ్యముగా మరాఠ్వాడా జిల్లాలలో, ముస్లిములపై జరిగిన హత్యాకాండను విచారించిన సుందర్‌లాల్ సంఘపు నివేదిక దశాబ్దములపాటు వెలుగు చూడలేదు. అట్టి కాలమున నిజాము సైన్యపు గుర్తును గోకివేసిన చేతిని మేము తప్పుపట్టజాలము.

గెలిచిన పక్షపు బుడ్డి కథయు సూటిగా లేదు. సెప్టెంబరులో రజాకార్ల పీడ వదిలించిన సైన్యమే, అటుపిమ్మట సాయుధదళములను వెదకుచు అవే పల్లెలలో తిరిగినది. 1951 అక్టోబరు 21న పోరాటము విరమింపబడువరకు మూడేండ్లు ఈ వెదకులాట సాగినది. కావున సూర్యాపేట తాలూకా పల్లెలో ఒక ముసలివానికి ఖాకీతొడుగు బుడ్డిని చూపినచో, అతనికి 1948 జ్ఞప్తికి వచ్చునో, 1949 జ్ఞప్తికి వచ్చునో చెప్పలేము. మొదటిదైనచో దండవేసిన జ్ఞాపకము. రెండవదైనచో తలుపు చాటున ఊపిరి బిగబట్టిన జ్ఞాపకము.

మూడవ పక్షము వారికి బుడ్డియే లేదు. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య పడిపోయిన పిమ్మట, బాలెముల, పాతసూర్యాపేట, మల్లారెడ్డిగూడెము మొదలైన చోట్ల వడిసెలలతో సర్కారు తుపాకుల నెదిరించినవారికి ఏ సర్కారు సామాను లిచ్చును? కరివిరాల కొత్తగూడెమున పుట్టిన అన్నాచెల్లెండ్రు భీమిరెడ్డి నరసింహారెడ్డి, మల్లు స్వరాజ్యము నడిపిన దళములకు పల్లె పెట్టిన అన్నమే అన్నము, పల్లె పోసిన నీరే నీరు. పల్లె నీటిపాత్ర ఏదనగా పైన చెప్పిన సొరబుర్ర, లేదా మంటికుండ. బుర్ర పగులును, పురుగు తినును, మరుసటి యేట తీగకు మరొకటి కాయును. దానిపై పేరు వ్రాసినవారు లేరు. నరసింహారెడ్డి 2008లోను, స్వరాజ్యము 2022లోను గతించిరి. వారి మాటలు కొంత గ్రంథస్థమైనవి. వారికి చీకటిలో నీరందించి మాట బయటపెట్టనివారి జాడకు బుడ్డివంటి వస్తువైనను లేదు. మేము రేడియోవారము గనుక మాకు తోచునది యేమనగా, వారి విషయమున మిగిలినది గొంతు ఒక్కటే, అదియు బ్రతికియున్నంతకాలమే.

పాతవస్తువుల బజారున దొరకు బుడ్లను గూర్చి ఒక హెచ్చరిక. పేరున్న బుడ్డికి వెల హెచ్చని యెరిగిన పిదప పేర్లు పుట్టుకొనివచ్చును. రంగు తుప్పుమీద కూర్చున్నదా, తుప్పు రంగును పొడుచుకొని వచ్చినదా చూడవలెను. సొట్ట పడినచోట పాతరంగు పగిలియుండును. క్రొత్తరంగు సొట్టలోనికి దిగి నున్నగా నుండును. పట్టీ ఒరయు అంచులందు రంగు చెక్కుచెదరక యున్నచో దానిని భుజమున మోసినవాడు లేడన్నమాట. అంతకంటె గట్టి సాక్షి భూగోళము. 1948 నాటిదని చెప్పి 'సూర్యాపేట జిల్లా' యని వ్రాసియున్నచో దానిని తిరిగి యిచ్చివేయుడు. ఆ జిల్లా పుట్టినది 2016 అక్టోబరు 11న. నాటివాడు నల్లగొండ జిల్లా, సూర్యాపేట తాలూకా యని వ్రాయును. మునగాలవాడు కృష్ణాజిల్లా యని వ్రాయును. సైన్యపు చిహ్నములలో కిరీటము పోయి అశోకుని సింహములు వచ్చినది 1950 జనవరి 26 నుండి. లిపిని చూచి మాత్రము తొందరపడరాదు. నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. ఇంగ్లీషువారి భారతసైన్యమున ఉర్దూను రోమను లిపిలో వ్రాసి నేర్పుచుండిరి. కావున అచ్చ తెలుగువాని పేరు ఉర్దూలోనో, ఇంగ్లీషు అక్షరములలోనో ఉండుట వింత కాదు.

మంచి సేకరణకారులును పడు గుంట యొకటి కలదు. 'పందొమ్మిదవ హైదరాబాదు రెజిమెంటు' అను ముద్ర కనబడినచో అది నిజాము సైన్యముదని యెంచుదురు. కాదు. అది భారతసైన్యములోని రెజిమెంటు. పూర్వపు హైదరాబాదు కంటింజెంటు సంతతి. అందులోనివారు కుమావునీలు, జాట్లు, అహీర్లు. 1945 అక్టోబరు 27న దాని పేరు కుమావూ రెజిమెంటుగా మారినది. పేరులో హైదరాబాదున్నను హైదరాబాదుకు ఎదుటి పక్షపు దన్నమాట!

సూర్యాపేటకు సిపాయి జ్ఞాపకము పాతకథ మాత్రమే కాదు. గల్వాను లోయలో 2020 జూన్ 15న నేలకొరిగిన కల్నల్ సంతోష్‌బాబు ఈ ఊరివాడు. ఏడాది తిరిగిననాడు ఊరిలో ఆయన విగ్రహము నెలకొల్పబడినది. విగ్రహమును ఊరు చూచుకొనును. అటకమీది బుడ్డిని ఇంటివారే చూచుకొనవలెను.

ఎవరి యింటనైన అట్టి దున్నచో, ముందుగా పండుగ తోముడునుండి దానిని తప్పింపుడు. ఇత్తడితోపాటు చింతపండు పెట్టి ఒక్కసారి రుద్దినచో ఎనుబదేండ్ల పేరు పది నిమిషములలో పోవును. పోయిన అక్షరములను మంచిమనసుతోనైనను క్రొత్తరంగుతో దిద్దకుడు. సగము పేరైనను నాటి చేతిదే మేలు. ఉన్నితొడుగును చిమ్మటలు కొట్టును గనుక నాలుగు ఎండిన వేపాకులు ప్రక్కన వేయుడు. దానిని మోసినది ఎవరు, ఏ దళము, ఇంటికి ఎట్లు వచ్చినది, ఎవరు చెప్పగా తెలిసినది అను నాలుగు మాటలు కాగితముమీద వ్రాసి దానితో నుంచుడు, బుడ్డిమీద వ్రాయకుడు. ఆ మాట చెప్పగల పెద్దలు ఇంట నున్నచో ఈ వారమే అడుగుడు. బిరడాను మాత్రము బిగించి పెట్టకుడు. లోపలి తేమ బయటికి పోవలెను.